పడవని గట్టెక్కించాం

కిందటి ఉగాది పాట్‌లక్‌లో ఒకావిడ "మీకు పడవ ఉందటగా!" అని ఆశ్చర్యపోతే, పక్కనున్న ఇంకొకావిడ "ఇల్లు మాత్రం ఇంకా అద్దెదేనటగా!" అని పూర్తి చేసింది. రెండూ నిజమే. సియాటిల్ దగ్గర బోథెల్‌లో మాది అద్దె ఇల్లు. షిల్‌షోల్ మెరీనాలో కట్టి ఉన్న పడవ మాత్రం సొంతం. 1984 నాటి కాటలీనా 30. ముప్పై అడుగుల పొడవు, ఒక తెరచాప కొయ్య, లోపల చిన్న వంటగది, నలుగురు పడుకునే చోటు. వయసులో నాకన్నా పెద్దది. మావారు ఓ పాత కారు ధరకి కొన్నారు. అంత చవగ్గా ఎందుకొచ్చిందో తర్వాత తెలిసింది.

నాది రాజమండ్రి. వేసవిలో గోదావరి తగ్గాక పడవల్ని ఇసుక మీదకి లాగి, బోర్లించి, అడుగున తారు పూయడం చిన్నప్పుడు చూశాను. బోర్లించిన పడవ నీడలో ఓ ముసలాయన మధ్యాహ్నం పూట నిద్రపోయేవాడు. పడవ బాగోగులంటే అంతే అనుకునేదాన్ని.

ఇక్కడ అలా కుదరదు. మా పడవ నాలుగున్నర టన్నుల పైన బరువు, అడుగున లోహపు కీల్. దాన్ని బోర్లించడం మాట దేవుడెరుగు, నీళ్లలోంచి తీయాలంటేనే బోట్‌యార్డ్‌కి తీసుకెళ్లాలి. ట్రావెల్‌లిఫ్ట్ అని నాలుగు చక్రాల మీద నడిచే పెద్ద చట్రం ఉంటుంది. దానికి వేలాడే రెండు వెడల్పాటి పట్టాల్లో పడవని, ఉయ్యాల్లో పసిపిల్లని వేసినట్టు వేసి పైకెత్తి గట్టు మీద నిలబెడతారు. రెండు మూడేళ్లకోసారైనా ఈ పని తప్పదు. ఉప్పునీళ్లలో ఉన్న పడవ అడుక్కి నాచు, బార్నకిల్ గుల్లలు పడతాయి. అవి పట్టకుండా వేసే రాగి పెయింటు అరిగిపోతుంది. ప్రొపెల్లర్ షాఫ్టుకి బిగించిన జింక్ ముక్క కరిగిపోతుంది. జింక్ ముక్క ఎందుకంటే, సముద్రపు నీళ్లలో రెండు రకాల లోహాలు ఒకదానికొకటి తగిలి ఉంటే అక్కడ బ్యాటరీ తయారైనట్టే. వాటిలో బలహీనమైనది కరుగుతుంది. కంచు ప్రొపెల్లర్ కరగకుండా ఉండాలంటే దానికన్నా త్వరగా కరిగేదాన్ని పక్కన పెట్టాలి. బీయస్సీ రెండో ఏడులో ఎలక్ట్రోకెమికల్ సిరీస్ బట్టీ పట్టినప్పుడు, అది ఎప్పటికైనా పనికొస్తుందని కలలో కూడా అనుకోలేదు. అదే పడవ మంచినీళ్ల సరస్సులో ఉంటే జింక్ సరిగా పనిచేయదు, మెగ్నీషియం పెట్టాలి. పాత యజమాని పడవని లేక్ యూనియన్‌లో ఉంచాడో, సముద్రంలో ఉంచాడో కనుక్కోకుండా కొన్నవాళ్లం మేము!

సరే, యార్డ్ వెతకడం మొదలుపెట్టాం. మూడు చోట్లు చూశాం.

మొదటిది మా మెరీనాకి దగ్గర్లోనే. ఆఫీసు అద్దంలా ఉంది, కాఫీ మంచిది. లిఫ్టుకి అడుగుకింత, కడగడానికింత, రెండు కోట్ల పెయింటుకింత, మొత్తం రెండు రోజుల్లో పడవ మళ్లీ నీళ్లలో ఉంటుందన్నారు. వాటర్‌లైన్ కింద పనంతా వాళ్ల మనుషులే చేస్తారట, మనం ముట్టుకోకూడదట. "పడవ అడుగున వాల్వులున్నాయి కదా, అవి ఎవరు చూస్తారు?" అని నేనడిగాను. ఆయన మావారి వైపు తిరిగి జవాబు చెప్పాడు. మళ్లీ ఇంకోటి అడిగాను. మళ్లీ మావారికే చెప్పాడు. మీలో చాలామందికి ఇది కార్ల షాపులో జరిగే ఉంటుంది, విడమరిచి చెప్పక్కర్లేదు. కానీ అసలు చిక్కు అది కాదు. మాకు కావలసింది పడవ అడుగుని మేమే చూసుకోవడం. పాత పడవ కదా, లోపల ఏముందో తెలియాలంటే చేతులు పెట్టాలి. రెండు రోజుల్లో రంగేసి పంపితే కొత్త చీర కట్టిన పాత జబ్బే.

రెండోది ఒక నది ఒడ్డున, ఊరికి దూరంగా. ధర మొదటిదాన్లో సగం కూడా లేదు. "ఏమైనా చేసుకోండి, ఎన్నాళ్లయినా ఉండండి" అన్నాడు. మావారి మొహం వెలిగిపోయింది. నేను యార్డంతా ఒక చుట్టు తిరిగొచ్చాను. గట్టు మీద పడవ బరువంతా కీల్ కింద పెట్టిన దిమ్మల మీదే ఉంటుంది. పక్కల నిలబెట్టే ఇనప జాక్‌స్టాండ్లు పడవ వాలిపోకుండా ఆపుతాయి, అంతే. ఎదురెదురు స్టాండ్లని గొలుసుతో కలిపి కట్టాలి, లేకపోతే ఒకటి జారితే రెండోదీ జారుతుంది. మెత్తటి నేలైతే కాళ్ల కింద ప్లైవుడ్ వేయాలి. అక్కడ సగం స్టాండ్లకి గొలుసుల్లేవు, కాళ్లు బురదలో దిగి ఉన్నాయి. ఒకాయన తన టార్పాలిన్ తాళ్లు తెచ్చి స్టాండుకే కట్టేశాడు. గాలొచ్చి టార్పాలిన్ తెరచాపలా ఉబ్బిందంటే ఆ స్టాండుని లాగేస్తుంది. ఇంకోచోట ఒకబ్బాయి మాస్కు లేకుండా పాత రాగి పెయింటు గీకుతున్నాడు. నీలంరంగు దుమ్ము గాల్లో లేచి నది వైపు పోతోంది. "ఏవండీ, ఇక్కడ మన పిల్లని కారు దిగనివ్వను" అన్నాను. ఆయన చవక గురించి ఇంకో రెండు మైళ్లు మాట్లాడి ఊరుకున్నారు.

మూడోది పోర్ట్ టౌన్‌సెండ్. ముందు కార్లోనే వెళ్లి చూశాం. ఎడ్మండ్స్‌లో ఫెర్రీ ఎక్కితే అరగంటలో కింగ్‌స్టన్. కారుతో సహా ఓడ ఎక్కినప్పుడల్లా నాకు నర్సాపురం రేవులో పంటు గుర్తొస్తుంది, ఇక్కడ మేకలూ సైకిళ్లూ ఉండవు, అదే తేడా. అక్కణ్ణించి హుడ్ కెనాల్ వంతెన. ఉప్పునీళ్ల మీద తేలే వంతెన, దాదాపు ఒకటిన్నర మైళ్ల పొడవు. 1979 ఫిబ్రవరి తుఫాన్లో దాని పడమటి సగం మునిగిపోయింది, 1982లో మళ్లీ తెరిచారు. ఈ సంగతి మావారు వంతెన మధ్యలో ఉండగా చెప్పారు.

ఊరు దగ్గరపడుతుంటే ఒక వాసన వచ్చింది. కుళ్లిన క్యాబేజీలాంటి గంధకపు వాసన. మావారు కారు అద్దాలు ఎత్తేస్తుంటే నేను దించాను. పేపరు మిల్లు! కలపని ఉడికించి గుజ్జు చేసేటప్పుడు వచ్చే వాసన అది. రాజమండ్రిలో గాలి అటునుంచి వీచినప్పుడు మా డాబా మీదకి వచ్చే వాసన. పదేళ్ల తర్వాత ఎవరో పేరు పెట్టి పిలిచినట్టయింది. ఇలాంటి వాసనకి కళ్లు చెమర్చాయంటే ఎవరూ నమ్మరు, అందుకే అమ్మకొక్కదానికే చెప్పాను.

పోర్ట్ టౌన్‌సెండ్ కథ చిత్రంగా ఉంటుంది. 1880ల్లో ఈ ఊరే పెద్ద రేవు అవుతుందనీ, రైలు ఇక్కడికే వస్తుందనీ నమ్మి పెద్ద పెద్ద ఇటుక భవంతులు కట్టేశారు. రైలు రాలేదు. డబ్బు పోయింది. కొత్తవి కట్టే స్తోమత లేక పాతవి కూల్చలేదు, అలా ఆ భవంతులు వాటర్ స్ట్రీట్‌లో ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. తర్వాత చెక్క పడవల వాళ్లు వచ్చి చేరారు. 1977 నుంచి సెప్టెంబరులో చెక్క పడవల ఉత్సవం జరుపుతున్నారు. బోట్ హేవెన్ అనే ఆ యార్డ్ ప్రైవేటుది కాదు, ప్రజలు ఎన్నుకున్న కమిషనర్లు నడిపే పోర్ట్ వారిది. మావి లాంటి చిన్న పడవలకి ఒక లిఫ్టు, అలాస్కా వెళ్లే చేపల ఓడలకి 300 టన్నులెత్తే ఇంకో లిఫ్టు.

వెళ్లగానే చేతికి నియమాల కాగితాలిచ్చారు. సాండర్‌కి వ్యాక్యూమ్ తగిలించకుండా రంగు గీకకూడదు. కింద టార్పాలిన్ పరవాలి. స్టాండ్లు మనం ముట్టుకోకూడదు, జరపాలంటే వాళ్లని పిలవాలి. పడవని కడిగిన నీళ్లు సముద్రంలోకి వదలరు, వేరే పట్టి శుద్ధి చేస్తారు. మావారికి ఆ కాగితాలు చూసి నీరసం వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. రాగి నీళ్లలో కలిస్తే పిల్ల సాల్మన్ చేపల వాసన పసిగట్టే శక్తి దెబ్బతింటుంది. వాసనతోనే శత్రువుని కనిపెట్టి, వాసనతోనే పుట్టిన ఏటికి తిరిగొచ్చే చేపలు అవి. వినోదపు పడవలకి రాగి పెయింటు మాన్పించాలని వాషింగ్టన్ రాష్ట్రం 2011లోనే చట్టం చేసింది, గడువు వాయిదా పడుతూ వచ్చింది. యార్డ్ ఎంచుకునేటప్పుడు నేనైతే ధరల పట్టిక కన్నా ముందు ఈ నియమాల కాగితం అడుగుతాను. దుమ్ము గురించి పట్టించుకునేవాళ్లు గొలుసుల గురించీ పట్టించుకుంటారు. అక్కడ ఒక్కో పడవ చుట్టూ తిరిగి చూశాను. గొలుసు లేని స్టాండ్ నాకు కనపడలేదు.

ఇంకో రెండు సంగతులు కూడా తూకం వేశాం. ఒకటి వాన. పెయింటుకి, ఎపాక్సీకి పొడి రోజులు కావాలి. యార్డ్‌లో రోజు అద్దె నడుస్తూనే ఉంటుంది, వాన పడుతున్నా సరే. ఒలింపిక్ పర్వతాలు నైరుతి నుంచి వచ్చే మబ్బుల్ని అడ్డుకోవడం వల్ల పోర్ట్ టౌన్‌సెండ్‌లో సియాటిల్‌లో పడే వానలో దాదాపు సగమే పడుతుంది. రెండోది, అక్కడ మన పని మనం చేసుకోవచ్చు, చేతకానిది ఉంటే నచ్చిన పనివాణ్ణి పిలుచుకోవచ్చు. ఇంజన్ వాళ్లు, తెరచాపలు కుట్టేవాళ్లు, వడ్రంగులు అందరూ నడిచి వెళ్లేంత దూరంలో. సామాన్ల కొట్టు కూడా అంతే. పది డాలర్ల నట్టు కోసం నలభై మైళ్లు వెళ్లాల్సి వస్తే చవక యార్డ్ చవకవదు. ఆడవాళ్లకి ప్రత్యేకంగా చెబుతున్నాను, బాత్రూములు ఎంత దూరమో, వేణ్ణీళ్లు వస్తాయో లేదో స్వయంగా వెళ్లి చూడండి. పడవ గట్టు మీదుంటే లోపలి సింకులో చేతులు కడిగినా ఆ నీళ్లు కింద పనిచేసేవాళ్ల నెత్తినే పడతాయి. అన్నిటికీ పదడుగుల నిచ్చెన దిగాల్సిందే.

ఏప్రిల్లో స్ప్రింగ్ బ్రేక్‌కి ముహూర్తం పెట్టుకున్నాం. ముందు వారమే కారు అక్కడ వదిలేసి వచ్చాం. షిల్‌షోల్ నుంచి ముప్పై పైచిలుకు నాటికల్ మైళ్లు. ఆటు మొదలయ్యే వేళ చూసుకుని తెల్లవారుతూనే బయల్దేరాం. ఆటు నీళ్లు ఉత్తరం వైపు, అడ్మిరల్టీ ఇన్‌లెట్ మీదుగా బయటికి లాగుతాయి, మనల్ని తోడు తీసుకెళతాయి. ఎదురైతే అదే దారి రోజంతా పడుతుంది. పాయింట్ నో పాయింట్ దీపస్తంభం దాటాక మా అమ్మాయికి పులిహోర పెట్టాను. మధ్యాహ్నానికి చేరాం.

పట్టాల్లో వేలాడుతూ నీళ్లోడుతూ పైకి లేచిన పడవని చూస్తే సిగ్గేసింది. అడుగంతా గుల్లలు, గడ్డం పెంచిన సన్యాసిలా నాచు. జింక్ ముక్క ఉండాల్సిన చోట గోరంత ముక్క మిగిలింది. కీల్ హల్‌ని కలిసే చోట ముందువైపు సన్నటి పగులు, దీన్ని కాటలీనా స్మైల్ అంటారట. అదీ ఓ నవ్వేనా అనుకున్నాను.

నాలుగు రోజులు గీకడంతోనే సరిపోయింది. ఒకరు గీకుతుంటే ఇంకొకరు పిల్లని ఫోర్ట్ వర్డెన్ బీచికి తీసుకెళ్లడం. మధ్యాహ్నాలు మావారు కార్నెగీ సొమ్ముతో కట్టిన పాత లైబ్రరీలో కూర్చుని ఆఫీసు పని చేసుకునేవారు. నేను డిపెండెంట్ వీసా మీద వచ్చినదాన్ని, ఇక్కడ ఉద్యోగం చేయలేదు. "మీరేం చేస్తుంటారు?" అంటే తొమ్మిదేళ్లుగా "ఏం లేదండీ, ఇంట్లోనే" అని చెప్పి అలవాటైంది. మన పడవ మనం గీక్కుంటే ఏ వీసా అధికారీ అడగడు కదా. ఫుల్ మాస్కు, తెల్ల సూటు వేసుకుని అద్దంలో చూసుకుంటే ల్యాబ్‌లో పనిచేసేదాన్లా ఉన్నాను.

అయిదో రోజు. వంటింటి సింకు కింద శుభ్రం చేస్తున్నాను. సింకు నీళ్లు బయటికి పోయే గొట్టం చివర, హల్‌కి బిగించి, ఇత్తడి గేట్ వాల్వ్ ఉంది. పాత కాటలీనాల్లో ఇవే పెట్టేవారు, ఇళ్లలో నీళ్ల పైపులకి పెట్టేలాంటివి. మీదంతా పచ్చటి చిలుము. చాకుతో గీకాను. కింద పసుపు రంగు రావాలి. లేత గులాబీ రంగు వచ్చింది.

చెయ్యి ఆగిపోయింది. ఇత్తడి అంటే రాగి, జింక్. ఉప్పునీళ్లు ఏళ్ల తరబడి జింక్‌ని తినేస్తే స్పాంజిలాంటి రాగి మిగులుతుంది. చూడ్డానికి వాల్వ్ ఆకారం అలాగే ఉంటుంది, లోపల బలం ఉండదు. పిడి తిప్పాను. ఊరికే గిర్రున తిరిగింది. లోపల ఏమీ కదల్లేదు.

పక్కన చెక్క పడవకి కన్నాలు పూడుస్తున్న ఒక అరవై ఏళ్లావిణ్ణి పిలిచాను. ఆవిడ టార్చి వేసి చూసి, స్క్రూడ్రైవర్ పిడితో తట్టింది. కంగుమనాల్సింది, చెక్కని తట్టినట్టు మొద్దుగా పలికింది. "దీంతో నీళ్లలోకి వెళ్లకు తల్లీ" అంది. తల్లీ అని నేనంటున్నాను, ఆవిడ అన్నది ఇంగ్లీషే, కానీ అన్న తీరు అదే.

ఆ రాత్రి మోటెల్‌లో లెక్క వేశాను. ఒకటిన్నర అంగుళాల కన్నం, వాటర్‌లైన్‌కి అడుగున్నర కింద. వాల్వ్ ఊడితే నిమిషానికి 120 లీటర్ల నీళ్లు లోపలికొస్తాయి. అయిదు నిమిషాల్లో 600 లీటర్లు. ఆ సింకు పక్కనున్న పరుపు మీదే మా అమ్మాయి పడుకుంటుంది.

మావారు లెక్క చూశారు. ఆయన సెలవు ఆదివారంతో అయిపోతుంది. "పెయింటు ఎలాగూ అయిపోవచ్చింది. ఈసారికి జాగ్రత్తగా ఇంటికి చేర్చి, వేసవిలో మళ్లీ తీద్దామా?" అన్నారు. ఆయన్ని తప్పుపట్టను. రోజు అద్దె పెరుగుతోంది, పైగా మళ్లీ సెలవు అడగాలి. నేను "మీరూ పాపా వెళ్లండి, నేను ఉంటాను" అన్నాను. అన్నాక నాకే భయమేసింది. పెళ్లయ్యాక ఒక్కదాన్నీ ఒక ఊళ్లో రాత్రి ఉన్నది లేదు. ఫోన్లో అమ్మ "పరాయి దేశంలో, మగాళ్లు పనిచేసే చోట, ఒక్కదానివా?" అంది. అత్తయ్యగారు మాత్రం "పిల్ల పడుకునే చోటన్నావుగా, ఉండు" అన్నారు.

మిగతా మూడు వాల్వులూ గీకి చూశాను. రెండు గులాబీ రంగే, ఒకటి అనుమానం. నాలుగూ తీసేసి, కంచు సీకాక్‌లు పెట్టాలని నిర్ణయించాం. సీకాక్ అంటే పిడిని పావు చుట్టు తిప్పితే పూర్తిగా మూసుకునేది, హల్‌కి నేరుగా ఆనించి బిగించేది. నాలుగింటికి అయ్యే ఖర్చు చూసి కొట్లో గుండె జారింది. మొదటిది బిగించడానికి ఒక పనాయన్ని గంటల లెక్కన పిలిచాను. పాత కన్నం అంచు ఎండిందో లేదో ఎలా చూడాలో, సీలెంట్ ఎంత పూయాలో, ఎక్కడ బిగించడం ఆపాలో ఆయన ఒక్కో మెట్టూ చేసి చూపించాడు. రెండోది ఇద్దరం కలిసి చేశాం. మూడోది నేను చేస్తుంటే ఆయన చేతులు కట్టుకుని చూశాడు. నాలుగోదానికి ఆయన రాలేదు, నేను పిలవలేదు. పొద్దున్నుంచి మధ్యాహ్నం రెండింటిదాకా పట్టింది. ఆవకాయ అన్నం డబ్బా ముందు కూర్చున్నాక చూస్తే చేతులు ఇంకా వణుకుతున్నాయి. చెక్క పడవావిడకీ కాస్త పెట్టాను. మూడు గ్లాసుల నీళ్లు తాగి, మళ్లీ అడిగింది.

శుక్రవారం మావారు, పాప వచ్చారు. శనివారం పొద్దున్న లిఫ్టు వచ్చింది. పడవని నీళ్లలోకి దించాక పట్టాలు వెంటనే వదలరు. ముందు లోపలికెళ్లి నీళ్లు కారుతున్నాయేమో చూసుకోమంటారు. నేను టార్చి, టిష్యూ కాగితాలు పట్టుకుని దిగాను. ఒక్కో సీకాక్ చుట్టూ కాగితం ఒత్తి చూశాను. మొదటిది పొడి. రెండోది పొడి. మూడోదాని దగ్గర కాగితం తడిసింది. గుండె ఆగినంత పనైంది. చూస్తే సీకాక్ బాగానే ఉంది, పైన గొట్టానికి వేసిన క్లాంపు వదులు. బిగించి, తుడిచి, కొత్త కాగితంతో మళ్లీ ఒత్తాను. పొడి. నాలుగోదాని దగ్గర రెండుసార్లు చూశాను.

పైకి తల పెట్టాను. మావారు గట్టు మీద తాడు పట్టుకుని నిలబడ్డారు. లిఫ్టు నడిపే ఆయన పైనుంచి "బాగానే ఉందా?" అని అడిగాడు. మావారు నా వైపు వేలు చూపించారు. ఆయన నన్నడిగాడు.

"వదిలేయండి" అన్నాను.

పోటు మొదలవడానికి ఇంకో గంట ఉంది. దక్షిణంగా ఇంటికి వెళ్లాలంటే అదే కావాలి. ఆ గంటలో పాప పాత వాల్వుల సంచి విప్పి, ఒకటి తనకి కావాలని గొడవపెట్టింది. స్కూల్లో చూపిస్తుందట, గులాబీ రంగుగా ఉందని.